చిన్న పడవకు కొత్త మోటారు

తెరచాప కట్టిన పడవకు మోటారెందుకని అడుగువారు కలరు. గాలి ఉన్నంతసేపు ఆ ప్రశ్న న్యాయమైనదే. గాలి పడిపోయి, పాటు నీరు పడవను వెనుకకు లాగుచు, ప్రొద్దు క్రుంకుచున్న వేళ ఆ ప్రశ్న ఎవ్వరును అడుగరు. ఒకప్పుడు మేమును అడిగినవారమే. ఎట్లు మానుకొంటిమో, మానుకొన్న పిదప ఎట్టి మోటారును ఏ లెక్కపై ఎంచుకొంటిమో నేడు చెప్పదలచినాము. పడవ లేని శ్రోతలకు కూడ ఇందు కొంత పనికివచ్చునని మా నమ్మకము. యంత్రము ఏదైనను, కొనునప్పుడు మనము అడుగవలసిన మొదటి ప్రశ్న ఒకటే గదా.

కాకినాడ రేవులో మాకొక చిన్న పడవ కలదు. మాకనగా నలుగురు మిత్రులకు. ఒకరు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొన్నవారు, ఒకరు వైద్యులు, ఒకరు బియ్యపు వర్తకులు, నాలుగవ వాటా మాది. పడవ పొడవు 20 అడుగులు. తాళ్ళరేవు వడ్రంగులు కట్టినది. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములు పూర్వము నుండి ఓడల నిర్మాణమునకు పేరుపడినవి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ఊడ్చిపెట్టినది గాని, ఆ విద్య మాత్రము పనివారి చేతులలో నిలిచియే యున్నది. సెలవు దినములందు కాలువ వెంట దిగి, అఖాతము దాటి, హోప్ దీవి వరకు పోయి, సాయంకాలమునకు ఇల్లు చేరుట మా వాడుక.

గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడిన ఆ దీవి సన్నగా, పొడవుగా పడియుండి, బంగాళాఖాతపు అలలకు అడ్డుగోడవలె నిలిచినది. అందుచే లోపలి నీరు సామాన్యముగా శాంతముగా ఉండును. లోతు తక్కువ, అడుగున బురద. పున్నమికిని అమావాస్యకును పోటుపాటుల నడుమ నీటిమట్టము సుమారు ఒకటిన్నర మీటరు మారును. ఆ నీరంతయు కాలువ మొగలో లోపలికి బయటికి పరుగెత్తవలెను. చూచుటకు శాంతముగా ఉన్న నీటిలో ఎంత బలమున్నదో ఆ మొగ దగ్గరనే తెలియును.

రెండేండ్ల క్రిందటి కార్తిక మాసమున ఒక ఆదివారము దీవి నుండి తిరిగి వచ్చుచుంటిమి. మేము నలుగురము గాక వైద్యుల వారి పన్నెండేండ్ల కుమారుడు కూడ పడవలో ఉండెను. మధ్యాహ్నము నుండి మందగించుచు వచ్చిన గాలి, కాలువ మొగ అరమైలు దూరమున ఉండగా పూర్తిగా పడిపోయెను. తెరచాప తడిబట్టవలె వ్రేలాడెను. పాటు మంచి జోరు మీద ఉండెను. మోటారు వేసితిమి. పావుగంట నడచెను. పిమ్మట కాలిన వాసన వచ్చెను, శబ్దము మారెను, ఒక్కసారి బిగుసుకొని ఆగిపోయెను. త్రాడు లాగినను కదలలేదు.

కాకినాడలో ఓడలు కొన్ని దూరమున లంగరు వేసికొని నిలుచును. వాటికి సరకు బార్జీల మీద పోవును. మా పడవ పాటు నీటితో కొట్టుకొని ఆ బార్జీలు నడచు దారిలోనికి చేరుకొనెను. చీకటి పడెను. మావద్ద ఉన్నది ఒక్క చేతిదీపము. అన్నిటికంటె సిగ్గుపడవలసిన సంగతి మరొకటి కలదు: లైఫ్ జాకెట్లు నాలుగే ఉండెను, మనుషులము అయిదుగురము. పిల్లవానికి మొదట తొడిగి, తక్కిన మూడింటిని చూచుచు నలుగురమును కొంతసేపు మాటలాడలేదు. ఒక బార్జి మమ్ము చూడకయే ఇరువది గజముల దూరమున సాగిపోయెను. అదృష్టవశమున లంగరు బురదలో పట్టుకొనెను. గంటన్నర తరువాత వేట నుండి మరలుచున్న ఒక మరపడవ సరంగు మా దీపము చూచి, త్రాడు విసరి, కాలువలోనికి లాగుకొని వచ్చెను.

మరునాడు మెకానిక్కు ఆ మోటారును విప్పి చూపించెను. ఇట్టి మోటారులో యంత్రమును చల్లబరచుటకు క్రింది కాలి నుండి నీటిని తోడు చిన్న పంపు ఒకటి ఉండును. ఆ పంపులో ఇంపెల్లరు అను రబ్బరు చక్రము తిరుగుచుండును. మా ఇంపెల్లరు రెక్కలు అరిగి, రెండు తెగిపోయి యుండెను. గోదావరి మడ్డి కలిసిన నీటిలో రబ్బరు త్వరగా అరుగును. పంపు పనిచేయుచున్నంత కాలము మోటారు ప్రక్క నుండి సన్నని నీటిధార బయటికి చిమ్ముచుండును. అది పంపు క్షేమముగా ఉన్నదని చెప్పు గుర్తు. ఆ ధార కొన్ని వారములుగా సన్నబడుచుండుట మేము చూచియే యుంటిమి. చూచితిమి గాని అర్థము తెలిసికొనలేదు. చల్లబడని యంత్రము వేడెక్కి పిస్టను పట్టుకొనెను. తప్పు మోటారుది కొంత. మాది అంతకంటె ఎక్కువ.

ఆ మోటారు బాగుచేయుటకు పనికిరానంతగా చెడినది. కొత్తది కొనవలెను. నలుగురము వైద్యుల వారి ఇంట సమావేశమైతిమి. నలుగురికి నాలుగు అభిప్రాయములు గదా. ఆనాటి భయము మరువలేని వైద్యుల వారు 15 అశ్వశక్తుల మోటారు కావలెననిరి. ఆచార్యుల వారు కాలమునకు తగినది విద్యుత్ మోటారు మాత్రమేననిరి. వర్తకుల వారు చవుకలో వచ్చు పాతదానిని చూడుమనిరి. మాకు ఏమియు తోచలేదు. చివరకు మమ్ము లాగుకొని వచ్చిన సరంగు నడుగుదమని నిశ్చయించితిమి.

డెబ్బది యేండ్ల పెద్ద ఆయన. మా మాటలన్నియు విని ఇట్లనెను: “బాబుగారూ, మీకు కావలసింది పరుగెత్తే ఇంజనా, ఇంటికి తెచ్చే ఇంజనా? ముందు అది తేల్చుకోండి. పరుగుకి మీకు చాప ఉంది కదండీ.”

ఈ ఒక్క మాటతో సగము చిక్కు విడిపోయినది. మిగిలిన సగము లెక్కలతో విడిపోవలెను. ఆ లెక్కలు ఆచార్యుల వారు చెప్పిరి.

నీటిని చీల్చుకొని పోవు పడవ ముందు ఒక అల, వెనుక ఒక అల లేపును. వేగము పెరిగిన కొలది ఆ రెంటి నడుమ దూరము పెరుగును. ఆ దూరము పడవ పొడవంత అయినప్పుడు, పడవ తన అల గుంటలోనే తాను చిక్కుకొనును. అంతకు మించి పోవలెనన్న తన ముందున్న అలను ఎక్కవలెను. బరువైన పడవకు అది సాధ్యము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో విలియం ఫ్రూడ్ అను ఆంగ్ల ఇంజనీరు నమూనా పడవలను తొట్టెలో లాగి ఈ విషయమును విశదపరచెను. లెక్క సులభమైనది. నీటిగీత దగ్గర పడవ పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34 చేత గుణించిన, వేగపు హద్దు నాట్లలో వచ్చును. మా పడవ నీటిగీత పొడవు 16 అడుగులు; వర్గమూలము 4; గుణించగా 5.36 నాట్లు. అనగా గంటకు సుమారు 10 కిలోమీటర్లు. 6 అశ్వశక్తుల మోటారు పెట్టినను ఇంతే; 15 పెట్టినను ఇంచుమించు ఇంతే. ఎక్కువైన శక్తి పెద్ద అలలుగాను, శబ్దముగాను, పెట్రోలు ఖర్చుగాను మారును, వేగముగా మారదు. పలచని అడుగుతో తేలికగా ఉండి, నీటిపై జారిపోవు పడవల సంగతి వేరు. వాటికి అశ్వశక్తి పెరిగిన వేగము పెరుగును. తెరచాప పడవ ఆ జాతిది కాదు.

మరి ఎంత శక్తి చాలును? టన్ను బరువునకు 4 అశ్వశక్తులు అని నావికులలో ఒక మోటు లెక్క కలదు. మా పడవ మనుషులతో, సామానుతో టన్నుంబావు తూగును. అనగా 5 అశ్వశక్తులు. ఎదురుగాలికి, పాటు నీటికి కొంత చేర్చిన 6. ఇక్కడ కొనువారికి పనికివచ్చు రహస్యము ఒకటి కలదు. ప్రసిద్ధ కంపెనీలు పెక్కింటిలో 4, 5, 6 అశ్వశక్తుల మోటార్లు ఒకే దేహము కలవి. సిలిండరు అదే, బరువు అదే, ఇంచుమించు 25 నుండి 27 కిలోలు. కాబట్టి 4 బదులు 6 తీసికొన్నందున పడవపై బరువు పెరుగదు. కాని 8, 9.9 అశ్వశక్తుల తరగతికి పోయిన బరువు ఒక్కసారిగా 40 కిలోల దరికి పోవును. 6 దగ్గర ఆగుటకు ఇది గట్టి కారణము.

అశ్వశక్తి కంటె ముఖ్యమైనది ప్రొపెల్లరు. మన రేవులలో దానిని పంకా యందురు. పంకాకు రెండు కొలతలు: వెడల్పు ఒకటి, పిచ్ అనునది రెండవది. మరమేకు చెక్కలో దిగినట్లు, పంకా ఒక్క చుట్టుకు ఎంత దూరము ముందుకు పోవలెనో ఆ దూరమే పిచ్. యంత్రము నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునని, పళ్ళ చక్రములు దానిని సగము చేయునని అనుకొందము. పంకా 2,500 చుట్లు తిరుగును. పిచ్ 8 అంగుళములైన, కాగితముపై పడవ గంటకు 30 కిలోమీటర్లు పోవలెను. మా పడవ పదికి మించదు. అప్పుడు పంకా నీటిని కోయలేక, యంత్రము పూర్తి చుట్లు తిరుగలేక, ఎగువ దారిలో నాలుగవ గేరు వేసిన మోటారుకారువలె మూలుగును. పిచ్ 6 అంగుళములకు దిగిన, యంత్రము సుళువుగా తిరిగి, నెమ్మదిగా పోవు పడవను బలముగా నెట్టును. బరువైన పడవకు వెడల్పు ఎక్కువ, పిచ్ తక్కువ ఉన్న పంకా కావలెను. దుకాణములో మోటారుతో వచ్చునది తరచుగా తేలిక పడవలకు తగిన పంకా. అడిగి మార్పించుకొనుట మరువరాదు. ఆనాడు పాటు నీటిలో మా పాత మోటారు పావుగంట సేపు పెనుగులాడినను పడవ గజము ముందుకు పోకుండుటకు ఇది ఒక కారణమని అప్పుడు తెలిసినది.

మరొక కారణము కాలి పొడవు. మోటారు పడవ వెనుక పలకకు తగిలించిన చోటు నుండి పంకాపై ఉండు అడ్డురేకు వరకు గల దూరము కాలి పొడవు. ఇవి సాధారణముగా మూడు కొలతలలో వచ్చును: 15, 20, 25 అంగుళములు. మా పాత మోటారు మరెవరి పడవకో కొన్నది. చవుకగా వచ్చినదని మేము తీసికొన్నది. 15 అంగుళముల పొట్టి కాలిది. మా పలక అంచు నుండి నీటిమట్టము వరకే 15 అంగుళములు. నలుగురు మనుషులు వెనుక కూర్చున్నప్పుడు పంకా మునిగి పనిచేయును. ఎవరైనను లంగరు వేయుటకు ముందు భాగమునకు పోయిన, వెనుక భాగము లేచి, పంకా గాలిని మ్రింగి, యంత్రము ఊరక గిరగిర తిరుగును. అవసరమైన వేళనే అది చేయి విడుచును. కావున మోటారు కొనబోవు ముందు పడవను మనుషులతో నీటిలో నిలిపి, పలక అంచు నుండి నీటి వరకు టేపుతో కొలువవలెను. మేము 20 అంగుళముల కాలి మోటారు తీసికొని, దానిని పైకి క్రిందికి జరుపు ఇనుప చట్రముపై బిగించితిమి. మోటారు వేయునప్పుడు చట్రమును దింపిన పంకా మరి ఆరు అంగుళములు లోతునకు పోవును. తెరచాపతో పోవునప్పుడు పైకి లేపిన పంకా నీటిని ఈడ్వదు. బురద తక్కువ లోతులో ఉన్నచోట పైకి లేపుకొనవచ్చును; పంపునకు మడ్డి త్రాగించు బాధ తగ్గును.

ఇక బరువు. పడవ చిట్టచివర తగిలించు ప్రతి కిలోయు నడుమ ఉంచిన కిలో కంటె ఎక్కువ బాధించును. వెనుక భాగము క్రుంగును. పడవ నడక చెడును. అంతకంటె ముఖ్యమైనది మనిషి నడుము. ఊగుచున్న పడవలో వంగి మోటారును ఎత్తవలసినది మనమే. మాలో ముగ్గురికి యాబది దాటినది. దీనికి మేము ఒక నియమము పెట్టుకొంటిమి: పడవలోని వారందరిలో బలము తక్కువ వారెవరో వారు త్రాడు లాగి వేయలేని మోటారు మాకు వద్దు. వైద్యుల వారికి ఆనాడు గుండెనొప్పి వచ్చి యుండిన మోటారు ఎవరు వేయవలెను? దుకాణమునకు ఆ పిల్లవానిని కూడ తీసికొనిపోయి, అతని చేతనే త్రాడు లాగించితిమి. రెండు మోటార్లు అతనికి లొంగలేదు. మూడవది లొంగినది.

ఇంధనము విషయమున వాదము ఎక్కువసేపు జరిగినది. పడవ వెనుక తగిలించు మోటారును వ్యాపారముగా నిలిపినవారిలో ముఖ్యుడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్. ఎండవేళ ఐస్‌క్రీము తెచ్చుటకు సరస్సు మీద తెడ్లు వేసి అలసిపోయిన పిదప అతనికి ఈ యోచన కలిగినదని ఒక కథ కలదు. 1909లో అతడు అమ్మిన మోటారు ఒకటిన్నర అశ్వశక్తిది. బరువు ఇంచుమించు 28 కిలోలు. నేడు అంతే బరువులో 6 అశ్వశక్తులు వచ్చుచున్నవి. అతని పేరుతో నడచిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయినది.

పూర్వపు మోటార్లు చాల వరకు రెండు స్ట్రోకులవి. తేలిక, సాదా నిర్మాణము, విప్పుట సులభము అను గుణములు వాటికి కలవు. నూనెను పెట్రోలులోనే కలుపవలెను. పోసిన ఇంధనములో నాలుగవ వంతు వరకు కాలకయే పొగతో బయటికి పోయి నీటిలో కలియును. అది చేపలకును మంచిది కాదు, జేబునకును మంచిది కాదు. అమెరికాలో 1998 నుండి 2006 వరకు దశలవారీగా అమలుపరచిన నిబంధనల వలన కార్బురేటరుతో నడచు పాత తరహా రెండు స్ట్రోకుల మోటార్లు అచటి అంగళ్ళలో క్రమముగా వెనుకబడెను. నాలుగు స్ట్రోకుల మోటార్లను హోండా కంపెనీ 1964లోనే తెచ్చినది. ఇవి కొంచెము బరువు. కాని ఇంధనము తక్కువ త్రాగును, పొగ తక్కువ, నెమ్మదిగా మాటలాడుకొనవచ్చునంతటి శబ్దము. వీటిలో నూనె ప్రత్యేకముగా ఉండును గనుక, ఒడ్డున పడుకోబెట్టునప్పుడు కంపెనీ చెప్పిన ప్రక్కకే పడుకోబెట్టవలెను. లేనిచో నూనె సిలిండరులోనికి చేరును.

విద్యుత్ మోటారు విషయమున ఆచార్యుల వారి పక్షము బలహీనమైనది కాదు. శబ్దము లేదు, పొగ లేదు, త్రాడు లాగు పని లేదు, కార్బురేటరు లేదు. చెరువులోనో, జలాశయములోనో, సాయంకాలము ఒక గంట తిరిగి వచ్చు చిన్న పడవకు దానిని మించినది లేదు. కాని మా అవసరము వేరు. పాటు నీటికి ఎదురుగా రెండు గంటలు నడువవలసి వచ్చునని లెక్క వేసితిమి. 3 కిలోవాట్ల చొప్పున రెండు గంటలకు 6 యూనిట్ల విద్యుత్తు. అంత దాచుకొను లిథియం బ్యాటరీలు ఒక మనిషి బరువుంత తూగును. ధర మోటారును మించిపోవును. 6 అశ్వశక్తుల పెట్రోలు మోటారు పూర్తి వేగమున గంటకు రెండు, రెండున్నర లీటర్లు త్రాగును. రెండు గంటలకు 5 లీటర్లు; బరువు 4 కిలోల లోపు. ఈ లెక్కను ఆచార్యుల వారే వేసి, తామే ఓడిపోయినట్లు నవ్వుచు ఒప్పుకొనిరి. బ్యాటరీలు తేలికపడిన నాడు మరల ఈ సభ చేర్చుదమని షరతు పెట్టిరి. మేమును అంగీకరించితిమి.

పాతదానిని కొందమన్న వర్తకుల వారి మాటను కూడ త్రోసివేయలేదు. రెండు పాత మోటార్లను చూచితిమి. పైకి రంగు క్రొత్తగా ఉన్నది. ఉప్పునీరు చేయు పని రంగు క్రింద జరుగును. మెకానిక్కు సిలిండరు ఒత్తిడి కొలిచెను. కాలి నూనెను ఒక చుక్క తీసి చూపెను. ఒకదానిలో నూనె పాలవలె తెల్లగా ఉండెను. నీరు లోపలికి చేరినదని దాని అర్థము. రెండవది బాగుగనే ఉన్నది గాని పొట్టి కాలిది. మన పడవకు సరిపోనిది ఎంత చవుకైనను ప్రియమే యని వర్తకుల వారే తీర్పు చెప్పిరి.

చివరి ప్రశ్న సరంగు వేసినది: “అది ఆగిపోతే విప్పేవాడెవడండీ? వాడు ఈ ఊళ్ళో ఉన్నాడా?” మన తీరమున ఫైబరు పడవలకు ఎక్కువగా 9.9 అశ్వశక్తుల మోటార్లు తగిలింతురు. వాటి భాగములు, వాటిని విప్పు చేతులు రేవులోనే దొరకును. 6 అశ్వశక్తులది అంత విరివి కాదు. బరువు చూచిన 6 మేలు. మరమ్మతు చూచిన 9.9 మేలు. ఇక్కడ మేము నిజముగా తటపటాయించితిమి. తుదకు రేవులోని మెకానిక్కు ఏ కంపెనీ మోటార్లు రోజూ విప్పుచున్నాడో ఆ కంపెనీదే 6 తీసికొని, దొరకని భాగములను ముందే కొని పెట్టుకొంటిమి: ఇంపెల్లర్లు రెండు, స్పార్కు ప్లగ్గులు రెండు, ఇంధనపు వడపోత ఒకటి, పంకాను పట్టు చీలలు నాలుగు, లాగు త్రాడు ఒకటి. ఇవన్నియు ఒక డబ్బాలో పట్టినవి. గేరు విషయమున ఒక మాట: మిక్కిలి చిన్న మోటార్లు కొన్నింటికి వెనుకకు నడచు గేరు ఉండదు. ఇరుకు కాలువలో పడవ ఆపవలసినవారు అది చూచుకొనవలెను. దీపములకు బ్యాటరీ నింపు కాయిలు ఉన్న నమూనా దొరికిన, కొంచెము ఎక్కువ పెట్టియైనను తీసికొనవలెను. దీపము లేని పడవను బార్జి చూడదని మాకు అనుభవము.

కొన్న తరువాతి పనులు కొన్ని కలవు. అవి చేయనివారికి ఎంత మంచి మోటారైనను పాత మోటారే యగును. ఉప్పునీటి నుండి వచ్చిన ప్రతిసారి మంచినీటితో పంపును పది నిమిషములు కడుగవలెను. ఇంపెల్లరును మా వంటి మడ్డి నీళ్ళలో ఏటేట మార్చవలెను. నూనెను సాధారణముగా మొదటి 20 గంటల తరువాతను, పిమ్మట ప్రతి 100 గంటలకును మార్తురు. 2025 నాటికి మన బంకులలో 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చును. అందుచే పెట్రోలు నెలల తరబడి తొట్టిలో నిలువ ఉంచరాదు. పడవ కట్టివేయునప్పుడు ఇంధనపు గొట్టము ఊడదీసి, కార్బురేటరులోనిది కాలిపోవు వరకు మోటారును నడిపి ఆపవలెను. నడుపువాని మణికట్టునకు ఆపుదల త్రాడు కట్టియుండవలెను; మనిషి నీటిలో పడిన యంత్రము ఆగును. అన్నిటికంటె ముందు, మోటారు వేసిన ప్రతిసారి ప్రక్కన చిమ్ము ఆ నీటిధారను చూడవలెను. ధార సన్నబడినదా, ఆ రోజు ప్రయాణము అక్కడితో సరి.

ఇంత చేసినను మోటారు ఆగవచ్చును. అందుకే లంగరును, నూరడుగుల త్రాడును, రెండు తెడ్లను, దీపమును మానలేదు. మోటారు వచ్చినదని లంగరు విడుచువాడు, వైద్యుడు పొరుగున ఉన్నాడని పథ్యము విడుచువాని వంటివాడు. ఈ ఉపమానము వైద్యుల వారిదే.

మొన్న మాఘ పూర్ణిమ నాడు మరల దీవికి పోయి, కావలెనని పాటు జోరుగా ఉన్న వేళకే కాలువ మొగకు వచ్చితిమి. గాలి ఉన్నది, అయినను చాప దింపితిమి. చట్రము దింపి, పిల్లవాని చేతనే త్రాడు లాగించితిమి. రెండవ లాగుడుకు మోటారు అందుకొనెను. ధార చక్కగా చిమ్మెను. పడవ పరుగెత్తలేదు, ఒడ్డున నడచు మనిషి మమ్ము దాటి పోగలడు. కాని గట్టుమీద ఒక తాటిచెట్టును గురుతు పెట్టుకొని చూచుచుంటిమి. ఆ చెట్టు మెల్లగా, ఆగకుండ, వెనుకకు జరిగెను. ఇరువది నిమిషములలో కాలువలోనికి చేరితిమి.

సరంగు తన మరపడవ మీద కూర్చుండి వల బాగుచేసికొనుచు మమ్ము చూచెను. “ఎంత గుర్రాలండీ?” అని అడిగెను. ఆరు అని చెప్పితిమి. “జాకెట్లెన్నండీ?” అని మరల అడిగెను.

అయిదని చెప్పితిమి. ఆయన తల యూచి వల పనిలో పడెను.